ఊఁకొట్టువారు : అతివార్ధక్యమున సృజన, సమాజము, గృహము

ఎనుబదులు దాటిన పెద్దలను గూర్చి మన యిండ్లలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. “కృష్ణా రామా అనుకొనుచు ఒక మూల కూర్చుండరాదా” అనునది ఆ మాట. దీనిని కోపముతో ననువారును కలరు, ప్రేమతో ననువారును కలరు. ఎట్లు అన్నను అర్థమొకటియే. ఇంటి నడిమి చోటు ఇక నీది కాదు. చేయవలసిన పని లేదు. పలుకవలసిన పలుకు భగవన్నామము తక్క మరియొకటి లేదు. నామస్మరణము మంచిదే. కాని ఆ వాక్యమున బరువంతయు నామముమీద లేదు, మూలమీద నున్నది.

దీనికి ప్రతిగా గౌరవసూచకమైన మాట “పెద్దల మాట చద్దిమూట” అనునది. పయనమై పోవువాడు దారిలో ఆకలి తీర్చుకొనుటకు ముందునాడు వండి కట్టిన అన్నము చద్దిమూట. ఇందు పెద్దలయెడ భక్తి యున్నది గాని, ఆ పెద్దలు ఈనాడు క్రొత్తగా వండగలరన్న తలంపు లేదు. భాషాపరిశోధకులమైన మనము సాధారణముగా ఈ రెండవ మార్గమువారము. పల్లెకు పోయి మిక్కిలి వృద్ధుడెవడని విచారించి, అతని యెదుట కూర్చుండి, మూట విప్పించి, కావలసిన పదములు ఏరుకొని తిరిగి వత్తుము. అతడు ఆ మరునాడు ఏమి పలుకునో, ఎవరితో పలుకునో మనకు పట్టదు. ఈ అలవాటు శాస్త్రమునకును మేలు చేయలేదని నా యభిప్రాయము. అతివార్ధక్యమున మనుష్యుని సృజనశక్తి నిలుచుటకు జ్ఞాపకశక్తికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. అది వినువాడు. తెలుగు కథకులు వానిని “ఊఁకొట్టువాడు” అందురు.

అతివార్ధక్యమన నెంత? మన సంప్రదాయమున దీనికొక కొలత యున్నది. అరువది నిండినపుడు షష్టిపూర్తి. వేయి పున్నములు చూచినపుడు సహస్రచంద్రదర్శనము. చాంద్రమాసమునకు ఇరువదితొమ్మిదిన్నర దినములు చొప్పున లెక్కించినచో వేయి పున్నములకు 80 సంవత్సరముల 10 మాసములు పట్టును. ఆ యెల్ల దాటినవారినే ఇచ్చట ముఖ్యముగా ఉద్దేశించుచున్నాను. సృజన యనగా కావ్యరచన మాత్రమే కాదు. పాత పాటలో క్రొత్త చరణము చేర్చుట, మనుమరాలికి ముద్దుపేరు కల్పించుట, జరిగిన సంగతిని హాస్యముగా మలచి చెప్పుట, వల యల్లుట, ముగ్గు దిద్దుట, ఊరగాయ కారము పాలు తేల్చుట – ఇవన్నియు సృజనలే. వీనిలో ఏ యొక్కటియు ఒంటరిగా సాగదు. పొడుపునకు విడుపు చెప్పువాడు కావలెను. కథ నడుచుచుండగా శ్రోత నిదురించెనేమో యని తాత ఆగి, “ఊఁ కొట్టవేమిరా” అని అడుగుట ఎరుగనివారు మనలో లేరు. ఆ “ఊఁ” వినబడకున్న కథ ముందుకు పోదు. బుఱ్ఱకథలో వంతలు పలుకు “తందాన” కూడ ఇట్టిదే. వాక్యమునకు క్రియాపదమెంత యవసరమో మౌఖిక వాఙ్మయమునకు ఈ అవ్యయము అంత యవసరము. కాని మన సంకలనములలో దానిని అచ్చు వేయుట లేదు.

ఈ విషయమును పరీక్షించుటకు ఫెరార్గంజ్ వంటి చోటు దొరకుట అరుదు. దక్షిణ అండమాన్ జిల్లాలో నిది యొక తహసీలు, ఆ పేరుగల గ్రామమును. 1923 నుండి 1931 వరకు ఆ దీవులకు చీఫ్ కమిషనరుగా నుండిన ఫెరార్ అను ఆంగ్లాధికారి పేరిట వెలసినది. పేరు ముందు భాగము ఇంగ్లీషు. వెనుకటి “గంజ్” పారసీకమునుండి హిందూస్థానీలోనికి వచ్చినది. మొదట నిధి, కొట్టు అను నర్థములు కలిగి, పిదప అంగడి యను నర్థమున స్థిరపడినది. తెలంగాణమున ధాన్యపు బజారును నేటికిని “గంజ్” అందురు గాన మనకిది క్రొత్త మాట కాదు.

ఊరి పేరువలెనే ఊరి ప్రజయు కూడ. సంయుక్తరాష్ట్రములనుండి “నేరస్థ జాతి” యను అన్యాయపు ముద్ర వేసి తెచ్చిన భాంటూలను 1926 ప్రాంతమునుండి సాల్వేషన్ ఆర్మీవారి పర్యవేక్షణలో ఈ ప్రాంతమున నిలిపిరి. 1921 నాటి మలబారు తిరుగుబాటు పిమ్మట ప్రవాసశిక్ష పొందిన మాప్పిళ్ళలు దక్షిణ అండమానున ఊళ్ళు కట్టుకొనిరి. స్వాతంత్ర్యానంతరము, 1949 నుండి, తూర్పు బెంగాలు కాందిశీకులు వచ్చిరి. చోటా నాగపురము కూలీలు, తమిళులు, తెలుగువారు చేరిరి. తహసీలు ఉత్తరపుటంచున జిర్కాటాంగ్ దాటిన వెంటనే జారవాల అరణ్యము. అండమాను నికోబారు తెలుగువారిలో పెక్కుమంది శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములవారు. చేపలవేటయో కూలిపనియో ఆధారముగా వచ్చినవారు. 2011 జనాభా లెక్కలలో ఆ దీవుల 3,80,581 మంది ప్రజలలో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు నూటికి 13 మందికి పైగా ఉన్నారు. బెంగాలీ, హిందీ, తమిళముల తరువాత నాలుగవ స్థానము తెలుగుది.

ఇన్ని భాషల నడుమ వాడుక భాష హిందీ. అదియు అండమానున తనదైన రూపు దిద్దుకొనిన హిందీ. బజారునను, బడి యాటస్థలమునను, బస్సులోను అదియే. దీని ఫలితముగా ఇంటిలో ఒక చిత్రమైన స్థితి యేర్పడుట సహజము. తెలుగు మాత్రమే పూర్తిగా వచ్చిన ముసలితల్లి. తెలుగును హిందీని సమముగా నెరిగిన కొడుకు కోడలు. తెలుగు అర్థమగుచున్నను హిందీలో సమాధానము చెప్పు మనుమలు. ముసలితల్లి మాట మనుమలకు అందును, కాని దానిలోని చమత్కారము అందదు. శ్లేష అందదు, ఎత్తిపొడుపు అందదు, సామెత అందదు. ఆమె చెప్పినది మనుమడు గ్రహించెను. అయినను ఊఁ కొట్టలేదు. కొన్నాళ్ళకు ఆమె “అన్నము తిన్నావా, నిద్ర వచ్చుచున్నదా” యను మాటలకే తన భాషను కుదించుకొనును. చూచినవారు మతిమరుపు వచ్చినదందురు. మతి చెడలేదు, మాటకు గిరాకి తగ్గినది.

స్వభాషా ప్రాంతమునందలి ముదుసలి కూడ మూల కూర్చుండవచ్చును. కాని పక్కింటి ముదుసలి వచ్చి పలుకరించును, పురాణ కాలక్షేపము జరుగును, సంతకు పోవువారు అరుగు దగ్గర ఆగుదురు. వలస వచ్చిన చోట ఆ అరుగు లేదు. కావుననే వార్ధక్యమునకును భాషకును గల సంబంధము ఫెరార్గంజ్ వంటి తావున బాహాటముగ కనబడును. అయితే అండమానున ఈ సమస్య మిక్కిలి తీవ్రరూపమున తెలుగువారికి రాలేదు. ఆ దీవుల తొలి నివాసులకే వచ్చినది.

బోవా సీనియర్ అను స్త్రీ వృత్తాంతము భాషాశాస్త్రజ్ఞులు చాలమంది యెరిగినదే. మహా అండమానీ భాషలలో నొకటియైన బో భాష మాటలాడువారిలో ఆమె చివరిది. 2010 జనవరి 26వ తేదీన సుమారు 85 ఏండ్ల వయసున పోర్ట్ బ్లేరులో (2024 సెప్టెంబరునుండి దానికి శ్రీవిజయపురమని పేరు) ఆమె మరణించెను. అంతకు కొద్ది నెలల ముందు, 2009 నవంబరులో, ఖోరా భాష మాటలాడు కడపటి స్త్రీ బోరో మరణించియుండెను. బోవాకు సంతానము లేదు. భర్త గతించెను. తల్లిదండ్రులు పోయిన పిమ్మట ముప్పది నలుబది సంవత్సరములు ఆ భాషను ఆమెతో మాటలాడువారు లేకపోయిరి. ఇతరులతో సంభాషించుటకై ఆమె అండమాను హిందీ నేర్చుకొనవలసి వచ్చినది.

ఆమెతో పనిచేసిన అన్వితా అబ్బీ వ్రాసిన సంగతులలో రెండు నన్ను చాల ఆలోచింపజేసినవి. ఒకటి, బోవా నవ్వు. ఆమె నవ్విన చుట్టునున్నవారును నవ్వక తప్పదట. రెండవది, బోవా పక్షులతో మాటలాడుట. ఆమె బో భాషలో పలుకగా పక్షులు గ్రహించునని ఆమె నమ్మకము.

ఈ రెండవ సంగతిని వార్తాపత్రికలు విషాదచిత్రముగా ప్రచురించినవి: మనుష్యులు లేక పక్షులతో పలుకు ఏకాకి యని. ఇది సగము సత్యము. మహా అండమానీల కథలలో మనుష్యులే పక్షులైరి. జిరో మిథే అను జాలరి కథలో వారి పూర్వులు పక్షి రూపము దాల్చినట్లున్నది; కావున ఆ పక్షులను వారు తినరు. పక్షులు వారికి పితరులు. అబ్బీ, సతీశ్ పాండే కలసి 2011లో మహా అండమానీల పక్షులను గూర్చి ప్రత్యేకముగా నొక గ్రంథమే ప్రకటించిరి. ఆ విశ్వాసములోపలినుండి చూచినచో బోవా గాలితో మాటలాడలేదు, పెద్దలతో మాటలాడినది. శ్రోత దొరకనిచోట తన సంప్రదాయము అనుమతించిన శ్రోతను ఆమె సంపాదించుకొన్నది. మన యిండ్లలో తులసికోట దగ్గర నిలిచి కోడలిమీది ఫిర్యాదులన్నియు విన్నవించుకొను ముత్తవ్వ చేయునదియు ఇదే. దానిని ప్రలాపమనుట తగదు, సంభాషణమే యనవలెను. అట్టి సంభాషణ యున్నంతవరకు భాష జీవించియుండును, దానిని పలుకువారు ఉత్సాహముతో నుందురు. అంతకంటె మంచి శ్రోత లేకపోవుట మాత్రము విచారకరమే. ఆ భారమును పక్షులపై మోపి మనము తప్పించుకొనరాదు.

రెండవ నిదర్శనము నావో జూనియర్. ఆయన అతివృద్ధుడు కాడు, 2009లో చనిపోయెను. అబ్బీ ఆయనను కథ చెప్పుమని అడిగినపుడు కథలు మరచిపోయితినని చెప్పెనట. దశాబ్దములుగా ఆ దీవులలో ఎవరును ఆ కథలను అడుగలేదు. అబ్బీ విడువక మరల మరల వచ్చి కూర్చుండగా, ఒక్కొక్క పేరు, ఒక్కొక్క ఘట్టము తిరిగివచ్చి, కథ యంతయు నిలిచినది. ఆ కథలును, బోవా మొదలగువారు పాడిన పాటలును 2021లో గ్రంథరూపమున వెలువడినవి – పది కథలు, 46 పాటలు. మరచిపోయితినన్న మనుష్యుని నోట ఒక జాతి పురాణము వెలువడినది. అడుగువారు లేని కథ తనలో ఉన్నదో లేదో చెప్పువానికే తెలియకుండును. పరిశోధకురాలు అచ్చట సేకరించుట యొక్కటే చేయలేదు, ఊఁ కొట్టినది. ఆ “ఊఁ” లేనిచో సేకరించుటకు ఏమియు ఉండెడిది కాదు. 2012లో వెలువడిన ఆమె నిఘంటువును, మరుసటి యేటి వ్యాకరణమును చదువునపుడు వాని వెనుకనున్న ఈ సహవాసమును మరువరాదు.

ఇపుడు సముద్రము దాటి పడమటి యొడ్డునకు రావలెను. విశాఖపట్టణమునుండి పోర్ట్ బ్లేరునకు ఓడ పోవును. అండమాను తెలుగువారిలో పెక్కురు ఆ రేవునుండి బయలుదేరినవారే. ఆ రేవుపట్టణముననే అతివార్ధక్యపు సృజనకు మన భాషలో గొప్ప నిదర్శనములలో నొకటి దొరకును. కొండపల్లి కోటేశ్వరమ్మగారు 1918 ఆగష్టు 5న జన్మించిరి. ఊహ తెలియని వయసున పెండ్లి, వెంటనే వైధవ్యము; పిదప కొండపల్లి సీతారామయ్యగారితో పునర్వివాహము; కమ్యూనిస్టు ఉద్యమమున పాటలు, ప్రదర్శనలు; అజ్ఞాతవాసము; భర్త విడిచిపోవుట; పెద్దవయసున మరల బడిచదువు, కాకినాడలో బాలికల పాలిటెక్నిక్ వసతిగృహమున ఉద్యోగము; కుమారుని, కుమార్తెను ఇద్దరను పోగొట్టుకొనుట. ఇంత జీవితమును ఆమె గ్రంథముగా ప్రకటించినది 2012లో, అనగా 94వ యేట. దాని పేరు “నిర్జన వారధి”. 2015లో ఇంగ్లీషు అనువాదము వచ్చినది.

ఆ పేరును గమనింపవలెను. వారధి రెండు యొడ్డులను కలుపును; దానిపై జనము నడువవలెను. నిర్జనమైన వారధి తన పనిని పోగొట్టుకొనినది. మూల కూర్చున్న ముదుసలికి ఇంతకంటె తగిన పోలిక నేనెరుగను. కాని గ్రంథము వెలువడిన తరువాత ఆ పేరు అబద్ధమైనది. కొంతకాలము హైదరాబాదున చండ్ర రాజేశ్వరరావు పేరిట వెలసిన వృద్ధాశ్రమమున నుండి, కడపట విశాఖపట్టణమున మనుమరాండ్ర చెంతకు చేరిన ఆమెను పాఠకులు వెదకికొని వచ్చి చూచుచుండిరి. 2018 ఆగష్టున నూరేండ్ల పండుగ జరిగినది. ఆ సెప్టెంబరు 19న ఆమె దేహము చాలించిరి. గొప్ప దుఃఖములనెల్ల చవిచూచిన మనుష్యురాలి చివరి యారు సంవత్సరములు మిక్కిలి జనసందడి కలవియగుట సాహిత్యమువలన సంభవించినది. ఈ సందర్భమున కొందరు “ఆమె ఆ వయసున కూడ ఎట్లు వ్రాయగలిగెను” అని ఆశ్చర్యపడుదురు. నాకు ఆశ్చర్యము అందు లేదు. పాటకు వంత పాడువారితో యౌవనమంతయు గడపిన మనిషికి శ్రోతలతో మాటలాడుట అలవడిన విద్య. ఆ శ్రోతలు మరల లభించుటకు తొంబదినాలుగేండ్లు పట్టినందుకు మాత్రము మన సాహిత్యలోకము సిగ్గుపడవలెను.

విశాఖకు ఉత్తరమున శ్రీకాకుళమున వేరొక రీతి చూడవచ్చును. కాళీపట్నం రామారావుగారు (1924–2021) “యజ్ఞము” మొదలగు కథలచే ప్రసిద్ధులు. 1995లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము పొందిరి. నడివయసునకే కథలు వ్రాయుట దాదాపుగా విరమించిరి. లోకరీతిని చూచినచో సృజన ముగిసినదనవలెను. కాని 1997 ఫిబ్రవరిలో, డెబ్బదిరెండేండ్ల వయసున, పురస్కారముల సొమ్ము వెచ్చించి శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించిరి. తెలుగున వెలువడిన ప్రతి కథను ఒక్కచోట చేర్చుట దాని యుద్దేశము. తొంబదియారవ యేట మరణించువరకు ఆయన జీవితము దానితో ముడిపడి యుండెను. కథ చెప్పుటనుండి కథను వినుటకు, తన కథనుండి అందరి కథలకు ఆయన మారిరి. తాను ఊఁకొట్టువాడై, వందలాది రచయితలకు శ్రోతయైనారు. అతివార్ధక్యమున సృజన తన రూపము మార్చుకొనునని చెప్పుటకు ఇది చాలును. మనము యౌవనపు కొలతతో కొలిచి, తగ్గినదని తీర్మానింతుము. తగ్గలేదు, దిక్కు మారినది.

ఇట్టివారు పండితులలోను లేకపోలేదు. శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిగారు (1866–1960) రామాయణ భారత భాగవతములను మూటిని ఒంటిచేత తెనిగించినవారు. చెళ్ళపిళ్ళవారి యనంతరము ఎనుబదులు దాటిన వయసున ఆస్థానకవి పదవి నలంకరించిరి. ఆయన తరువాత ఆ పదవి తొంబదికి సమీపించిన కాశీ కృష్ణాచార్యులవారికి లభించినది. అయితే పదవియు, బిరుదమును, శిష్యకోటియు కలవారి ఉదాహరణములు మనకంతగా ఉపకరింపవు. వారికి సభయే శ్రోత. ఫెరార్గంజ్ జాలరి యింటి ముదుసలికి సభ లేదు. ఆమెకు గృహమొకటియే యున్నది. కావున ప్రశ్న గృహమునుగూర్చినది.

గృహమున పెద్దలయెడ మనము చేయు తప్పు నిర్దయవలన కాక దయవలన కలుగుచున్నది. “నీవెందులకు శ్రమపడుట” అని వారి చేతిలోని పని తీసికొందుము. మౌఖిక వాఙ్మయమును ఎరిగినవారికి ఇది యెంతటి నష్టమో తెలియును. మన స్త్రీల పాటలు, శ్రమగీతములు పనికి కట్టుబడియున్నవి. దంపుళ్ళ పాటకు రోకలి పోటు లయ. జోలపాటకు ఉయ్యాల త్రాడు లయ. 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిన బిరుదురాజు రామరాజుగారి “తెలుగు జానపద గేయ సాహిత్యము” మొదలుకొని ఈ రంగమున పనిచేసినవారికెల్ల అనుభవమైన సంగతి యిది: కుర్చీ వేసి కూర్చుండబెట్టి పాడుమన్న అవ్వకు రెండవ చరణము రాదు, చేటలో బియ్యము పోసి చేతికిచ్చిన తానే ఎత్తుకొనును. జ్ఞాపకము తలలోనే లేదు, చేతిలోను ఉన్నది. చేతిపని తీసికొనిన నాడే పాటయు తీసికొంటిమి.

వృత్తిపదముల విషయమున ఇది మరింత స్పష్టము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటము, వ్యవసాయపదములది, 1962లో వెలువడినది. చేనేతపదములది 1971లో వచ్చినది. ఆ పదములలో పెక్కింటిని పరికరమును చేత పట్టి చూపించినగాని వివరింపజాలరు. వలలల్లు వృద్ధజాలరిని ముడుల పేర్లు అడిగినచో నాలుగు చెప్పి ఊరకుండును. నూలును సూదిని ఇచ్చి మనుమనికి నేర్పుమన్నచో పేర్లన్నియు వరుసగా వచ్చును, పేరు లేని ముడికి అప్పటికప్పుడు పేరు కూడ పెట్టును. ఆ క్షణమున పుట్టిన పేరు కోశమునకు ఎక్కదగినదా యని శాస్త్రజ్ఞులు వాదింపవచ్చును. నేను ఎక్కదగినదే యందును. భాష పుట్టుట అట్లే కదా.

ఇందు ఒక చిక్కు కలదు, దానిని దాచరాదు. ఫెరార్గంజ్ మనుమడు హిందీలో సమాధానము చెప్పుట అపరాధము కాదు. ఆ భాషయే వానికి భాంటూ సహాధ్యాయిని, బెంగాలీ మిత్రుని, మలయాళపు పొరుగువారిని ఇచ్చినది. ఒకప్పుడు ఖైదీలును, కాందిశీకులును, కూలీలునై వేరువేరుగా వచ్చినవారి సంతతిని ఒక సమాజముగా కూర్చినది ఆ దీవుల హిందీయే. “ఇంట తెలుగే మాటలాడవలెను” అను శాసనము వలన ముదుసలికి మేలు కలుగుననుకొనుట భ్రమ. భయముతో పలికిన తెలుగు ఊఁకొట్టుట కాదు. మనుమడు హిందీలోనే “ఆ తరువాత?” అని అడిగినను కథ ముందుకు సాగును. రెండు భాషలు ఒకే కథలో కలసి నడచుట దీవులలోని యిండ్లకు వింత కాదు. నాయనమ్మ తెలుగున చెప్పును. మనుమడు హిందీలో అడుగును. నడుమ బెంగాలీ పొరుగింటి పిల్ల నవ్వును. ఆమె తనకు తెలిసిన కొద్ది హిందీతో ఒక మాట కలిపి ఆ పిల్లకు అర్థమగునట్లు మలచును. ఆ మలచుటయే సృజన. శుద్ధమైన తెలుగు కొరకు పోయిన పరిశోధకుడు దీనిని “మిశ్రమము” అని కొట్టివేసినచో ఆ ముదుసలి చేసిన మంచి పనిని కొట్టివేసినవాడగును.

శ్రీకాకుళపు ప్రాంతముననే జన్మించిన గిడుగు రామమూర్తిగారి చరిత్ర ఇచ్చట జ్ఞప్తికి వచ్చును. సవరభాష నేర్చుకొనుటకై వారు సవరలను తమ యింట ఉంచుకొనిరి, వారితో కొండలు తిరిగిరి. అడవిజ్వరమునకు వాడిన మందువలన వినికిడి కోల్పోయిరి. చెవి పోయిన పిమ్మట కూడ పని వదలలేదు. సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది 1938లో, వారి డెబ్బదియైదవ యేట. వినికిడి లేని మనుష్యుడు ఇంత మంచి శ్రోత యగుట విచిత్రము. శ్రోతృత్వము చెవికి సంబంధించినది కాదనియు, ఒకరి యింట మరియొకరు చిరకాలము ఉండుటకు సంబంధించినదనియు దీనివలన తోచుచున్నది.

కావున అండమాను తెలుగు గూర్చి పనిచేయదలచిన యువకులకు నాలుగు మాటలు. ప్రశ్నావళిని మొదటి దినమున సంచిలోనుండి తీయవలదు. మొదటి దినములు ఇంటిలో నడచు పనిలో పాల్గొనవలెను. పప్పు ఏరవలెను, చేప తోమవలెను, చింతపండు పిక్క తీయవలెను. వృద్ధురాలిని ఒంటరిగా గదిలోనికి పిలిచి మాటలాడింపరాదు. ఆమెకు సహజశ్రోతలైన వారు పక్కన నుండవలెను. ఒక్క నెల పని ముగించి పోవువాడు ఆ యింట అంతకు ముందు లేని మౌనమును విడిచిపోవును గనుక, మరల వచ్చు వీలు లేనివాడు ఈ పనికి పూనుకొనక పోవుటయే మేలు. సేకరించినదానిని ఆ యింటివారికి తిరిగి వినిపింపవలెను. అపుడు ఆమె “అట్లు కాదు” అని దిద్దును, ఆ దిద్దుబాటు మొదటి పాఠము కంటె బాగుండుట తరచుగ జరుగును. శబ్దగ్రహణమున చేట చప్పుడును, సముద్రపు హోరును, పిల్లల యల్లరిని తుడిచివేయుట నేడు యంత్రములకు సులభమైనది, తుడువవలదు. లిప్యంతరీకరణమున మనుమడు హిందీలో అడిగిన ప్రశ్నలను వదలివేయుట వాడుకగా నున్నది. వానిని వాని స్థానమున, కథ పంక్తుల నడుమ, ముద్రింపవలెను. ప్రతి “ఊఁ” కూడ.